తవుడుకి అమ్మిన బండి

అశ్విని కార్తె, సోమవారం

ఎక్కినవారు: నలుగురు. దిగినవారు: నలుగురు. బ్యాటరీ: సగానికి తక్కువ.

బండి తోలేవాళ్ళు ఈ మూడు ముక్కలు రోజూ రాయాలని రూలు. మిగతా కాగితం ఖాళీగా ఉంటే నాకు ఊపిరాడదు, అందుకని నింపుతాను. చదివింది రెండో తరగతి. తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

పొద్దున మా పేట పదమూడో గుంట నుంచి క్లబ్బుకి ట్రిప్పు వేశాను. పదకొండో గుంట ఎత్తు మీద బండి మూలిగింది. వెనక కూర్చున్నవాళ్ళు కబుర్లలో పడి వినలేదు. నేను విన్నాను. మోటారు శబ్దం కాదది. సీటు కింద నుంచి వచ్చింది. 

నా తోడబుట్టిన అప్ప అసిరమ్మ నా పక్క సీట్లోనే కూర్చుని ఉంది. దానికి మోకాళ్ళు చచ్చుబడి మూడేళ్ళు దాటింది. బండి లేకపోతే అది క్లబ్బుకి చేరలేదు.

"ఏటే తవుడూ, ముకం అలా ఎట్టినావు?"

"బండి మూలిగిందప్పా."

"నానూ మూలుగుతాను రోజూ. నన్నెప్పుడైనా అంత సెద్దగా ఇన్నావేటే?"

దానికి అన్నీ నవ్వులాటే. నాకే ఏదీ కాదు.

అశ్విని కార్తె, గురువారం

ఎక్కినవారు: నలుగురు. దిగినవారు: నలుగురు. మధ్యలో ఇద్దరు దిగి తోశారు, మళ్ళీ ఎక్కారు. వాళ్ళని ఎలా రాయాలో తెలియలేదు.

ఏడో గుంటలో గవరయ్య ఉన్నాడు, బ్యాటరీలు బాగుచేస్తాడు. వచ్చి సీటు ఎత్తి చూశాడు. సీటు కింద ఆరు బ్యాటరీలు రెండు వరసల్లో కూర్చుని ఉంటాయి. వారానికోసారి మూతలు తీసి నీళ్ళు పోస్తాను, తల మీద పట్టిన చిలుము సోడా నీళ్ళతో కడుగుతాను. నా ఒంటికైనా అంత సేవ చేసుకోలేదు. గవరయ్య ఒక్కొక్కదానికి తీగలు ఆనించి చూసి, రెండింటి మీద సుద్దతో అడ్డగీత గీశాడు.

"ఈ రెండూ పోనాయి తవుడప్పా. మిగతా నాలుగూ ఈళ్ళని మోసి మోసి సగం సచ్చినాయి."

"అయితే ఆ రెండే మార్చీ తమ్ముడూ. నాలుగు ఉన్నాయి కదా."

"ముసలోళ్ళ మజ్జిని కొత్త కోడల్ని కూకోబెట్టినట్టే. పనంతా దాని మీదే ఎడతాది. నెల తిరక్కుండా అదీ ముసిల్దయిపోద్ది. మారిస్తే ఆరూ మార్చాల. ఒక్క కంచంలో తినీవోళ్ళు ఒక్క వొయిసోళ్ళే ఉండాల."

ఎన్నాళ్ళు నడుస్తుందని అడిగాను. కృత్తిక దాకా లాగుతుంది, రోహిణిలో పడుకుంటుంది అన్నాడు. రోహిణి ఎండకి రోళ్ళే పగులుతాయి. ఇప్పుడైతే రోళ్ళు ఎవరికీ లేవు, పగలాల్సింది మనుషులే.

భరణి కార్తె, శనివారం

ఎక్కినవారు: ముగ్గురు. దిగినవారు: ముగ్గురు. నాలుగో మనిషిని బరువని దింపేశాను. మా పేట దాలమ్మకి అత్తగారు. నా మీద ఉమ్మేసినంత పని చేసింది.

ఈ రోజు ఉక్కబూర తొందరగా ఊదారు. బూర మొదటిసారి ఊదితే అందరూ క్లబ్బుకేసి కదలాలి. రెండోసారి ఊదితే క్లబ్బు తలుపు మూసేస్తారు, పొద్దు వాలేదాకా తియ్యరు. తీస్తే లోపలి చల్లదనం పోయి లోపలున్నవాళ్ళూ చస్తారు. ఆ వేళ బయట గాలి తడిగుడ్డలా ఒంటికి చుట్టుకుంటుంది, చెమట ఆరదు. ఎంత నీడలో కూర్చున్నా, ఎన్ని నీళ్ళు తాగినా, మనిషి లోపల్నుంచి ఉడికిపోతాడు.

క్లబ్బు ఉన్నది మొదటి గుంటలో, మెరక మీద. మా పదమూడో గుంట అన్నిటికన్నా కింద, ఉప్పునీటి ఒడ్డున. సముద్రం ఊళ్ళోకి వచ్చాక జనమంతా ఈ గడ్డి మైదానం మీదికే ఎక్కారు. పూర్వం ఇక్కడ దొరబాబులు కర్రతో బంతిని కొట్టి గుంటలో వేసేవారు. మా అమ్మ ఇక్కడ గడ్డి కోసేది. ఆట పోయింది, బాబులు పోయారు, గుంటల పేర్లూ, వాళ్ళు తిరిగిన ఈ బ్యాటరీ బండీ మిగిలాయి. ఇప్పుడు మేముండే పేటా గుంటే, దారిలో చక్రం పడేదీ గుంటే, పక్కింటి ఆడపిల్లా గుంటే.

"పదమూడో గుంటలో గుంటలెక్కువ, గుంటలు తక్కువ" అని గవరయ్య వచ్చినప్పుడల్లా అంటాడు. దారి బాగోదు, ఉన్నవాళ్ళంతా ముసలమ్మలే అని దానర్థం. అసిరమ్మ ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వుతుంది.

భరణి కార్తె, మంగళవారం

ఎక్కినవారు: ముగ్గురు. దిగినవారు: ముగ్గురు. బ్యాటరీ: రాయాలంటే భయంగా ఉంది.

మూడు రకాలు విచారించాను. రాసుకుంటే బుర్ర తేలికపడుతుందేమోనని రాస్తున్నాను.

ఒకటి ఉప్పు బ్యాటరీ. పడవలవాళ్ళ దగ్గర దొరుకుతుంది. కొలిచి చూస్తే సీటు కింద పట్టలేదు. వెనక కడితే మనుషులు కూర్చునే చోటు పోతుంది. దాన్ని మోయడానికే బండి సరిపోతుంది. అది వదిలేశాను.

రెండోది గవరయ్య బాగుచేసిన సీసం బ్యాటరీలు, ఆరూ ఒక్క ఈడువి. అవే పాత రకం, అదే బరువు, అదే నీళ్ళు పొయ్యడం.

"రోజుకి ఒక్క ట్రిప్పు ముగ్గురితో ఎల్లొచ్చీగలవు. ఈ రోహిణి నాను దాటిస్తాను. పై రోహిణి సంగతి నన్నడక్కు."

"మద్దెలో ఆగిపోతేనో?"

"సీసంది అలా ఆగిపోదప్పా. సెప్పి సస్తాది. ముందు మూలుగుతాది, ఆనక నడక తగ్గుతాది, ఆనక పాకుతాది. నీకు తెల్దేటి? దిగి నడవండర్రా అని నీకు టైమిస్తాది."

మూడోది, బళ్ళకి నంబర్లూ బ్యాటరీలూ ఇచ్చే డిపో వాళ్ళ నీలం పెట్టె. ఆరు బ్యాటరీల పని ఒక్క పెట్టె చేస్తుంది. నీళ్ళు పొయ్యక్కర్లేదు, చిలుము పట్టదు, ఒక్క మనిషి ఎత్తి పెట్టొచ్చు. నలుగురిని ఎక్కించుకుని మూడు ట్రిప్పులు. పదేళ్ళు నడుస్తుందట. చివరి దాకా ఒక్కలాగే పరిగెడుతుందట.

"సివరి దాకా పరిగెట్టి?" అన్నాను.

"సివర్న టక్కుమని ఆగిపోద్ది. అది సెప్పదు" అన్నాడు గవరయ్య. "అయినా నువ్వు రోజూ సార్జీ ఎడతావు, సివరి దాకా ఎందుకెలతావు?"

రాసినా బుర్ర తేలికపడలేదు.

భరణి కార్తె, శుక్రవారం

బండి తియ్యలేదు. దాలమ్మా, దాని కోడలూ కలిసి అసిరమ్మని డోలీలో మోశారు. తెల్లవారకముందే బయల్దేరారు. నేను వెనక నీళ్ళకుండ పట్టుకుని నడిచాను.

మొదటి గుంటలోనే ఉన్న డిపోకి వెళ్ళాను. కిటికీలో కూర్చున్న పిల్ల మంచిదే. యంత్రంలో చూసి, మా బండి పుట్టి చాలా ఏళ్ళయింది కనక నీలం పెట్టె రాదంది.

"ముసలి బండికి పెట్టె ఇవ్వరు మామ్మా. చేతులు మారితే మాత్రం కొత్త నంబరు పడుతుంది. అప్పుడు కొత్త బండి కిందే లెక్క."

"చేతులు మారడమంటే?"

"అమ్మెయ్యాలి. కొన్నవాళ్ళకి డిపోలో పేరుండాలి."

డిపోలో పేరున్నది మొదటి గుంట ఒక్కదానికే.

దారంతా నా పేరే గుర్తుకొచ్చింది. మా అమ్మకి అసిరమ్మ తర్వాత ముగ్గురు పుట్టి పోయారు. నేను పుట్టగానే చావు కళ్ళలో దుమ్ము కొట్టడానికి నన్ను పొరుగింటావిడకి గుప్పెడు తవుడుకి అమ్మేసింది. ఆవిడ ఒళ్ళో పెట్టుకుని, కొన్నానని మూడుసార్లు చెప్పి, మళ్ళీ మా అమ్మ ఒళ్ళో పెట్టింది. పాత లెక్కలో నేను పోయినట్టే, కొత్త లెక్కలో తవుడమ్మనై బతికాను. ముసలి బండికీ అదే చేస్తే?

అసిరమ్మకి చెప్పాను. అది చాలాసేపు నవ్వలేదు. దానికి నవ్వు రాలేదంటే నాకు ఇంకా భయం.

"గవరయ్యవి అట్టుకో. రోహిణి దాటితే సాలు కదే."

"మద్దెలో ఆగిపోతే అప్పా? నువ్వు నడవలేవు. నానెత్తలేను."

"ఆగిపోతాదని నీకెవులు సెప్పినారు?"

"ఆగదని ఎవులు సెప్పినారు?"

"ఒలే, నువ్వు పుట్టినప్పుడు కూడా ఏడవడానికి ముందు సుట్టూ సూసినావట. అమ్మ సెప్పీది."

కృత్తిక కార్తె, ఆదివారం

బండి తియ్యలేదు.

నిద్ర లేదు. గవరయ్య బ్యాటరీలంటే ఒక్క వేసవే. పై వేసవికి నేనుంటానో లేదో. నేను పోతే అప్పని ఎవరు చూస్తారు? నీలం పెట్టె అయితే నేను పోయినా బండి ఉంటుంది, ఎవరైనా తోలుతారు. ఇలా ఆలోచించే కొద్దీ గట్టిదే మంచిదనిపించింది. భయం ఎప్పుడూ గట్టిదాన్నే కోరుతుంది.

మొదటి గుంట పెద్ద వెంకటపతి గారి దగ్గరికి వెళ్ళాను. మెత్తటి మనిషి. కుర్చీ వేయించారు, మజ్జిగ ఇప్పించారు. మజ్జిగ చూసి ఎన్నాళ్ళయిందో. సంగతి చెప్పాను.

"మీ ఉద్దేశం నాకు అర్థమైంది తవుడమ్మగారూ. బండి మా పేరుకి మారుతుంది, పెట్టె వస్తుంది. అంతేగా?"

"అంతే బాబూ. ఆనక మళ్ళీ నా ఒళ్ళో ఎట్టేయండి."

ఆయన నవ్వి తలూపారు. ఇంటికొచ్చే దారిలో ఆ తలూపుని ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నానో. ఆడించింది పైకీ కిందకీనా, పక్కలకా?

కృత్తిక కార్తె, బుధవారం

బండి చేతులు మారింది.

డిపో పిల్ల ధర ఎంతని అడిగింది. ఏమీ లేదన్నాను. సున్నా వేస్తే యంత్రం ఒప్పుకోదంది. తవుడు అన్నాను. వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. యంత్రం మాత్రం నవ్వలేదు, ఒప్పుకుంది. వెంకటపతి గారి మనిషి ఒక చిన్న గుడ్డమూటలో గుప్పెడు తవుడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఈ రోజుల్లో బియ్యం దంచేదెవరు, తవుడు ఎక్కడ సంపాదించారో. ముక్కు దగ్గర పెట్టుకుంటే అమ్మ వాసన వేసింది.

పాత ఆరు బ్యాటరీలూ డిపోకి ఇచ్చేస్తేనే కొత్త పెట్టె. ఇచ్చేశాను. వాటిని ఎత్తి కుప్పలో పడేస్తుంటే అటు చూడలేదు.

వచ్చేముందు ఆ పిల్ల కిటికీలోంచి పిలిచింది.

"మామ్మా, ఒక్కటి గుర్తు పెట్టుకో. ఈ పెట్టె గుంట దాటితే ఆగిపోతుంది."

"మెల్లిగా తోల్తానమ్మా."

"మెల్లిగా తోలినా అంతే. గుంట దాటించకు. ఆగిందంటే డిపో తాళం పెట్టి తియ్యాల్సిందే."

అంత సుకుమారమైన పెట్టె ఏమిటో! మా పదమూడో గుంట దారి నాకు తెలుసు. పదకొండు దగ్గర ఒక గుంటలో అయితే పంది పడుకుని ఈనింది కూడా. ఇప్పుడు కొత్త భయం మొదలైంది.

కృత్తిక కార్తె, శనివారం

బండి మొదటి గుంట షెడ్డులోనే ఉంది. నంబరు పలక ఆరాలని అన్నారు.

ఈలోగా మేం ఊరుకోలేదు. పెట్టెకి కుదుపు పడదని చెప్పగానే పదమూడో గుంటలో నడవగలిగిన ఆడవాళ్ళంతా గంపలు పట్టుకున్నారు. పాత ఇళ్ళ గోడరాళ్ళు, పెంకులు, ఉప్పుమట్టి తెచ్చి, దారిలో ఉన్న ప్రతి గుంటా పూడ్చారు. దాలమ్మ ముందు నడుస్తూ కర్రతో పొడిచి చూపించడం, కోడలు గంప బోర్లించడం. దాలమ్మ అత్తగారు కూడా నా మీద కోపం మరిచి దిమ్మిసతో మట్టి అదిమింది. క్లబ్బు మెరక కింది జీడిమామిడి చెట్టు దాకా దారి నున్నగా అయిపోయింది.

అసిరమ్మ గడప మీద కూర్చుని అజమాయిషీ.

"ఒలే దాలీ, ఆ మూలన ఒకటి ఒగ్గీసినావు! నా నడుం దానికి బాగా తెలుసు!"

ఇన్నాళ్ళలో మా గుంటలో అంత నవ్వు వినలేదు.

కృత్తిక కార్తె, గురువారం

ఎక్కినవారు: చాలామంది. దిగినవారు: అందరూ. బ్యాటరీ: నిండుగా ఉంది.

వెంకటపతి గారు నన్నే తోలమన్నారు. "కాగితాలు కుదురుకునేదాకా మన దగ్గరే తిప్పండి" అన్నారు. మొదటి గుంటవాళ్ళని ఇంటి గుమ్మం నుంచి క్లబ్బు గుమ్మానికి దింపడం. నడిస్తే తమలపాకు నమిలేంత దూరం. పిల్లలు ఊరికే రెండు చుట్లు తిప్పమంటారు. వాళ్ళ తల్లులు పోనీ తిప్పు అంటారు.

పెట్టె చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. మూలగదు. ఛార్జీ చూపించే గీత చూస్తే పొద్దున ఎంతో సాయంత్రం అంతే. నాకు భయపడడానికి ఏమీ దొరకలేదు. అందుకే భయం వేసింది.

తెల్లవారకముందే దాలమ్మా కోడలూ అప్పని డోలీలో తెస్తున్నారు. దాలమ్మ భుజం మీద కాయ కాసింది.

గవరయ్య బాగుచేసిన ఆరింటినీ పడవలవాళ్ళు పట్టుకెళ్ళారని తెలిసింది.

రోహిణి కార్తె, సోమవారం

ఎక్కినవారు, దిగినవారు: అదే.

అడిగాను. చేతులు జోడించి అడిగాను.

"బాబూ, పేరు మారింది, పెట్టె వచ్చింది. ఇక నా బండి నా ఒళ్ళో ఎట్టేయండి."

వెంకటపతి గారు ఇవాళ మజ్జిగ ఇప్పించలేదు. గొంతు మాత్రం అలాగే మెత్తగా ఉంది.

"డిపో లెక్కలో అమ్మకం అమ్మకమేనండి. వెనక్కి ఇవ్వాలంటే పుచ్చుకున్నదే తెచ్చి అప్పజెప్పాలి. మీరు పుచ్చుకున్న తవుడు తీసుకురండి, మాట్లాడదాం."

పరుగులాంటి నడకతో ఇంటికి పోయాను. మూట చూరులో లేదు.

"దాన్నా?" అంది అసిరమ్మ. "మొన్న రేసను రానప్పుడు రొట్టె సేసినాను కాదేటి. నువ్వూ తిన్నావు. బాగుందన్నావు."

ఖాళీ చూరు మళ్ళీ తడిమి, దాని పక్కన కూర్చున్నాను. అది నా తల మీద చెయ్యి వేసింది.

"అమ్మ నిన్ను తవుడుకి అమ్మితే పొరుగింటావిడ మూటగట్టుకుని పోనాదేటే? తిరిగి ఒళ్ళో ఎట్టాలని ఆవిడికి తెలుసు. ఈళ్ళకి తెల్దు. అమ్మడం ఒకటే తెలుసు."

"నాను గవరయ్య మాట ఇనాల్సింది."

"నువ్వు ఎవుల మాటా ఇనవు. నీ బయం మాటే ఇంటావు." తిట్టినట్టు అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

రోహిణి కార్తె, గురువారం

ఎక్కినవారు, దిగినవారు: అదే. బ్యాటరీ: నిండుగా ఉంది.

దాలమ్మ కోడలికి కడుపని తెలిసింది. ఇంకెన్నాళ్ళో డోలీ మొయ్యలేదు. దాలమ్మ నోరు తెరిచి అడగదు, కానీ క్లబ్బు మెరక ఎక్కేటప్పుడు దాని ఊపిరి నాకు ఇంటి దాకా వినిపిస్తుంది.

వెంకటపతి గారిని మళ్ళీ అడిగాను. బండి అడగలేదు, ఒక్క మాట అడిగాను. వాళ్ళు డోలీని మొదటి గుంట సరిహద్దు రాయి దాకా తెస్తారు, అక్కణ్ణించి మెరక మీదికి మాత్రం బండిలో ఎక్కించుకుంటాను అని. 

"రాయికి ఇవతలే కదా? అలాగే. నేనెందుకు కాదంటాను?"

ఆ మాటకి కాళ్ళకి దండం పెట్టాను. నా బండి ఎక్కించుకోడానికి నేనే దండం పెట్టానని ఇంటికొచ్చాక సిగ్గేసింది.

రోహిణి కార్తె, శుక్రవారం

మూడు ముక్కలు ఆఖర్న రాస్తాను. ముందు జరిగింది రాయాలి, లేకపోతే ఆ మూడు ముక్కలూ ఎవరికీ అర్థం కావు.

పొద్దున లేచేసరికే గాలి బరువుగా ఉంది. బండి తీసుకుని సరిహద్దు రాయి దగ్గర ఇవతలి పక్క నిలబెట్టాను. తెల్ల సున్నం వేసిన రాయి, ఇవతల మొదటి గుంట, అవతల రెండోది. వెనక్కి తిరిగితే మెరక మీద క్లబ్బు తలుపు కనిపిస్తుంది. మనుషులు చీమల్లా లోపలికి పోతున్నారు.

డోలీ ఇంకా రాలేదు. అప్పుడే ఉక్కబూర మొదటిసారి ఊదింది. ఎప్పుడూ లేనంత పెందలాడే ఊదింది.

కిందనించి దాలమ్మా కోడలూ వస్తూ కనిపించారు. రాయికి అవతల, జీడిమామిడి చెట్టు దగ్గర కోడలు మోకాళ్ళ మీద కూలబడింది. డోలీ కిందికి దిగింది. రాయికీ ఆ చెట్టుకీ మధ్య పదడుగులు ఉంటాయేమో.

నేను ఉన్నచోటే ఉండాల్సింది. ఆ పిల్ల ఊపిరి తీసుకుని లేచి, ఆ పదడుగులూ వచ్చేసేది. నా మనసు ఊరుకోలేదు. వాళ్ళకి ఆ పదడుగులు తప్పిద్దామని బండి ముందుకి పోనిచ్చాను. రాయి దాటి చెట్టు దగ్గరికి తెచ్చాను. దారి అద్దంలా ఉంది, మేం పూడ్చిందే. ఒక్క కుదుపు లేదు.

బండి ఆగింది. మూలగలేదు, మెల్లగా అవలేదు. టక్కుమని ఆగింది. చక్రాలు బిగుసుకుపోయాయి. పెట్టె లోపల నుంచి ఆడగొంతు మాట్లాడింది, ఎంతో మర్యాదగా:

"గుంట దాటారు. గుంట దాటారు."

"గుంటేదే?" అని అరిచాను. "గుంటెక్కడుందే?"

దాలమ్మ అప్పని ఎత్తి సీట్లో కూర్చోబెట్టింది. పెట్టె గీత చూస్తే నిండుగా ఉంది. నిండుగా ఉన్న బండి కదలకపోవడమేమిటి? దాలమ్మ నేల మీద పడుకుని చక్రాల కింద చేత్తో తడిమింది. కోడలు ముందుకెళ్ళి వెతికింది. నేను తాళం తిప్పాను, తీశాను, మళ్ళీ తిప్పాను. నున్నటి దారి మీద ముగ్గురు ఆడవాళ్ళం గుంట కోసం వెతికాం. ఉంటే పూడ్చేద్దామని దాలమ్మ చేతిలో రాయి కూడా పట్టుకుంది.

గీత ఖాళీ అని చెప్పి ఉంటే డోలీ ఎత్తుకుని పోయేవాళ్ళం. మెరక ఎంత? క్లబ్బు తలుపు కనిపిస్తూనే ఉంది. ఆ నిండు గీత మమ్మల్ని కట్టిపడేసింది. ఇంకొక్కసారి తిప్పితే కదులుతుంది, ఇంకొక్కసారి తిప్పితే కదులుతుంది అనుకున్నాం.

అసిరమ్మ సీట్లో కూర్చుని, తల వెనక్కి వాల్చి, సున్నం రాయి వైపు చూస్తోంది. దాని ముఖం ఎర్రగా, పొడిగా ఉంది. ఒక్క చెమట చుక్క లేదు.

"తవుడూ."

"ఉండప్పా, కదుల్తాది."

"ఒలే, ఈ గుంట కాదే." ఊపిరి పట్టి నవ్వింది. నిజంగా నవ్వింది. "ఆ గుంట. ఆళ్ళ గుంట దాటినావే. ఆ పిల్ల సెప్పింది అదేనే. మనం దారంతా పూడ్సినాం, పిచ్చిముండలం."

అప్పుడు నాకు తెలిసింది. తాళం తిప్పడం ఆపాను.

దాలమ్మ డోలీ కర్ర ఎత్తింది. "రాయే తవుడత్తా, నువ్వో పక్క అట్టుకో!" అంది. బూర రెండోసారి ఊదింది. పైన తలుపు మూస్తున్న శబ్దం ఇక్కడికి వినిపించింది. ఎవరో చెయ్యి ఊపారు, రమ్మనో, వద్దనో.

అప్పని డోలీలోకి దింపబోతే చెయ్యి వేలాడింది. సీట్లో కూర్చున్నట్టే ఉంది, నవ్వు మూతి మీద అలాగే ఉంది. అది చెప్పకుండా పోతుందేమోనని మూడేళ్ళుగా దాని మూలుగు కోసం చెవులు రిక్కించుకుని పడుకున్నాను. ఆఖరికి మూలగనే లేదు.

దాలమ్మ నన్నూ కోడల్నీ చెరో రెక్కా పట్టి ఈడ్చుకుపోయింది. తలుపు మీద దుడ్డుకర్రతో బాదితే, లోపల తగువు పడి, జానెడు తీశారట. నాకు గుర్తు లేదు. ముగ్గురం లోపలికి పడ్డాం. కోడలి కడుపు నిలిచింది అన్నారు. అప్పని బండిలోనే వదిలేశాం. పొద్దు వాలేదాకా అది బండి కప్పు నీడలో, సీటు మీద కూర్చునే ఉంది.

సాయంత్రం వెంకటపతి గారు వచ్చారు. తల వంచుకున్నారు.

"సరిహద్దు సంగతి డిపోలో మీకు చెప్పారనుకున్నానండి."

"సెప్పినారు బాబూ" అన్నాను. "సెప్పినారు."

డిపో మనిషి తాళం తెచ్చి ఆనించాడు. బండి ఒక్క చప్పుడు లేకుండా కదిలింది. అప్పని దింపి, దాన్ని షెడ్డులోకి తోలుకుపోయారు. పదేళ్ళు ఢోకా లేదట. రేపటికి ఇంకొక డ్రైవర్ని చూసుకోమని చెప్పి పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. ఇవాళ్టిది నేనే రాయాలి.

ఎక్కినవారు: ఒకరు.

దిగినవారు: లేరు.

బ్యాటరీ: నిండుగా ఉంది.